నది మీద ఒప్పందాలు, ఒడ్డు మీద జ్ఞాపకాలు: సిరోంచలో మొదలుపెడదామా?

ప్రాణహిత_రేవు

అందరికీ నమస్తే. నాది సిరోంచ, ప్రాణహిత ఒడ్డున మహారాష్ట్ర వైపు ఊరు, ఏటికి అవతల తెలంగాణ. చాలా రోజులుగా మనసులో ఉన్న మాట ఇక్కడ పెడుతున్నా, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ఈ మధ్య మా పెద్దబాపు పోయారు. పన్నెండో రోజు అయిపోయాక ఆయన ట్రంకు పెట్టె తీస్తే పాత సాత్‌బారా ఉతారాలు (మహారాష్ట్ర భూమి రికార్డు కాగితాలు), పడవ రేవు వేలం పాట రశీదు ఒకటి, చేతికి అంటుకునేంత పాతబడ్డ నోటు పుస్తకం ఒకటి దొరికాయి. నోటు పుస్తకంలో ఒకవైపు పత్తి లెక్కలు, వెనకవైపు నుంచి తిప్పితే పొలాల పేర్లు. సర్వే నంబర్లు కాదు, పేర్లే. రేగుమాను చెలక, తాళ్ళ వంపు, దెయ్యాల మడుగు, అవతలి దిబ్బ, మంగలోళ్ళ మడి. ఒక్కో పేరు పక్కన ఎవరి దున్నకం, ఏ ఏడు ఏటిలో కలిసింది, ఎప్పుడు మళ్ళీ బయటపడింది అని రాసుకున్నారు. అందులో సగం పేర్లు నేను ఎప్పుడూ వినలేదు. మా బాపును అడిగితే మూడు చెప్పగలిగాడు. నా కొడుక్కి ఒక్కటీ తెలియదు.

మన నది మీద ఒప్పందాలన్నీ కాగితం మీద భద్రంగా ఉన్నాయి. 2016 ఆగస్టు 23న ముంబయిలో మహారాష్ట్ర, తెలంగాణ సంతకాలు చేసిన ఒప్పందంలో మేడిగడ్డ 100 మీటర్లు, తుమ్మిడిహెట్టి 148, చనాకా-కొరాటా 213 అని బ్యారేజీల నీటి మట్టాలు రాసి ఉన్నాయి. ఇంజనీర్లకు, లీడర్లకు, పేపర్ల వాళ్ళకు ఈ అంకెలు కంఠస్థం. ఆ 100 మీటర్ల గీత కింద ఏ మడి ఉంది, ఏ రేవు ఉంది, ఎవరి సమాధి ఉంది అన్నది మాత్రం ఎక్కడా రాసి లేదు. అది చెప్పగలిగినవాళ్ళు ఏడాదికి ఇద్దరు ముగ్గురు చొప్పున పోతున్నారు.

కాబట్టి రెండు ఒడ్ల వాళ్ళం కలిసి ఈ జ్ఞాపకాలు రాసిపెడదాం. ఫోన్‌లో రికార్డు చేసినా సరే, చేత్తో పటం గీసినా సరే. తర్వాత రేవుల దగ్గర బోర్డులు పెట్టించగలిగితే ఇంకా మంచిది. ఎవరెవరు వస్తారు?

అంకీస_మాస్టారు

తమ్ముడూ, మంచి పని. నేను రిటైరయ్యాను, టైముంది, వస్తాను.

కానీ 2016 దగ్గర మొదలుపెట్టొద్దు. మన ఊరు ఈ రాష్ట్రంలో ఎందుకుందో చెప్పాలంటే 1860 దాకా వెళ్ళాలి. అదీ నది ఒప్పందమే. 1860 డిసెంబరులో బ్రిటిష్ వాళ్ళకూ నిజాముకూ సంధి జరిగింది. నిజాముకు రాయచూరు దోఆబ్, ధారాశివ్ తిరిగి ఇచ్చారు, శోరాపూర్ ఇచ్చారు, 50 లక్షల అప్పు కొట్టేశారు. దానికి బదులుగా గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలు వాళ్ళు తీసుకున్నారు, నదిలో పోయే సరుకు మీద సుంకం తీసేయించుకున్నారు. నాగపూర్, బేరారు పత్తిని పడవల మీద గోదావరి గుండా సముద్రానికి దింపాలన్నది వాళ్ళ ఆలోచన. ఆర్థర్ కాటన్ దొర దాన్ని గట్టిగా నమ్మాడు. పడవలకు మూడు చోట్ల రాళ్ళు అడ్డం, దుమ్ముగూడెం దగ్గర, ఇచ్చంపల్లి దగ్గర, పైన ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర. అక్కడ కాలవలు, లాకులు కట్టడం మొదలుపెట్టి 1871లో ఆపేశారు. ఈలోగా రైలు వచ్చేసింది.

పడవలు రాలేదు గానీ గీత మాత్రం మిగిలింది. సిరోంచ కేంద్రంగా అప్పర్ గోదావరి జిల్లా అని ఒకటి పెట్టారు. 1874లో భద్రాచలం, రేకపల్లి మద్రాసుకు పోయాయి, మనం చాందాలో, అంటే ఇప్పటి చంద్రపూర్‌లో కలిశాం. 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982లో గడ్చిరోలి జిల్లా. మా తాత పుట్టిన ఇల్లు కదల్లేదు, ఆయన అర్జీ పెట్టుకునే ఊరు మాత్రం మారుతూ పోయింది. జిల్లా కేంద్రం ఇప్పుడు మనకు దాదాపు 200 కిలోమీటర్లు. ఏటికి అవతల కాళేశ్వరం గుడి గంట కొడితే ఇక్కడ వినపడుతుంది. నది ఒప్పందం మనకేం చేసిందని పిల్లలు అడిగితే నేను ఇక్కడినుంచే మొదలుపెడతా.

కాళేశ్వరం_కుర్రోడు

మాస్టారూ దండాలు. ఇవతల ఒడ్డు నుంచి నేనున్నా. మా దగ్గర పహాణీలు, మీ దగ్గర సాత్‌బారాలు, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే దిబ్బకు రెండు పేర్లు ఉంటాయేమో. మా నానమ్మది మీ సిరోంచే, పెళ్ళిలో పడవ మీద దాటి వచ్చిందట. ఈ ఆదివారం ఆమెతో మాట్లాడి రికార్డు చేసి పెడతా.

ఆరడ_రైతు

నాకు ఈ మాటలు వింటుంటే కష్టంగా ఉంది, కోపంగా అనుకోవద్దు.

2022 జులైలో నీళ్ళు వచ్చినప్పుడు మా పత్తి అప్పుడే రెండాకులేసింది. మూడు రోజుల తర్వాత నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే చేను లేదు, మోకాలు లోతు ఇసుక. మా బాపు 1986 వరదప్పుడు ఇంటి గోడ మీద కత్తితో ఒక గీత గీశాడు, ఆగస్టు 1986 అని మరాఠీలో రాశాడు. నేను చిన్నప్పటినుంచీ ఆ గీత పక్కన నిలబడి ఎత్తు చూసుకునేవాణ్ణి. 2022లో నీళ్ళు దాని మీదుగా పోయాయి. బురద మరక ఆరకముందే నేనూ అదే కత్తితో ఇంకో గీత గీశా. ఆ తర్వాత ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగా, ఇది మా రాష్ట్రం పని కాదు, బ్యారేజీ కట్టిన అవతలి రాష్ట్రానిది అని ఇక్కడ, మీరు మా రాష్ట్రం రైతు కాదు అని అక్కడ. ఫైలు ఇంకా తిరుగుతూనే ఉంది.

మీరు బోర్డులు పెడితే మా చేలో ఇసుక పోదు కదన్నా. జ్ఞాపకాల పని మొదలుపెడితే, అంతా అయిపోయిన కథ అని పైవాళ్ళు అనుకుంటారేమో అని నా భయం. మాది అయిపోలేదు.

ప్రాణహిత_రేవు

ఆరడ అన్నా, నీ మాట చదివి రాత్రంతా ఆలోచించా. నువ్వన్నది నిజం. నేను మొదటి పోస్టులో పోయినవాళ్ళ గురించే రాశాను, ఉన్నవాళ్ళ గురించి రాయలేదు. తప్పు నాదే.

ఒకటి అడుగుతా. నీ గోడ మీది రెండు గీతలను కొలిచి, ఫోటో తీసి, నేల నుంచి ఎన్ని అడుగులో రాసిపెట్టావా? అలాంటి గీత ప్రతి ఊళ్ళో నాలుగిళ్ళకైనా ఉంటుంది. అవన్నీ ఒకచోట చేరిస్తే నీ ఫైలుకూ అది పనికొస్తుంది కదా. 2022లో భద్రాచలంలో 71.3 అడుగులు, 1986లో 75.6 అని అక్కడి లెక్క అందరి దగ్గరా ఉంది. మన ఊళ్ళల్లో గోడల మీద ఎంత ఉందో ఎవరి దగ్గరా లేదు. పరిహారం కోసం కొట్లాట కొట్లాటే, అది ఆగదు, ఈ పని పేరు చెప్పి ఎవరినీ సంతకాలు పెట్టమని అడగం. కానీ నీ గీత లేకుండా ఈ పని చెయ్యను.

ఆరడ_రైతు

ఫోటో ఉంది, కొలవలేదు. కొలుస్తా.

కూటెనే_లోయ_నుంచి

నేను పుట్టింది అహేరిలో, పదేళ్ళుగా ఉద్యోగం మీద కెనడాలో బ్రిటిష్ కొలంబియాలో ఉన్నా. మీరు మాట్లాడుకుంటున్నది చదువుతుంటే మా ఇంటి ముందరి నది గుర్తొచ్చింది.

ఇక్కడ కొలంబియా నది మీద అమెరికా, కెనడా 1961 జనవరి 17న ఒప్పందం చేసుకున్నాయి, 1964లో అమల్లోకి వచ్చింది. కెనడా వైపు మూడు డ్యాములు, డంకన్, యారో దగ్గరిది, మైకా. అమెరికా వైపు లిబ్బీ. కింద అమెరికాలో వరదలు తగ్గడానికి, కరెంటు పెరగడానికి పైన లోయలు ముంచారు. కెనడా వైపు రెండు వేల మందికి పైగా ఇళ్ళు ఖాళీ చేశారు. యారో సరస్సుల ఒడ్డున రెనాటా అని పండ్ల తోటల ఊరు ఉండేది, అది మొత్తం పోయింది. అక్కడి ఆదివాసీ జాతులు, టునాహా, సెక్వెపెమ్, సిల్క్స్ ఒకనాగన్ వాళ్ళను ఆ ఒప్పందం అప్పుడు ఎవరూ అడగలేదు.

ఒప్పందం తిరగరాసే చర్చలు మొదలై ఊరూరా మీటింగులు పెట్టినప్పుడు జనం లేచి అడిగింది డబ్బు ఒక్కటే కాదు, మాకు జరిగింది ఒప్పుకోండి అని అడిగారు. దాని నుంచే ఇక్కడ ఒప్పందం జ్ఞాపకాల పని పుట్టింది. రోడ్డు పక్కన బళ్ళు ఆపుకుని చదివేలా కథలు రాసి పెట్టడం, ఊళ్ళ మ్యూజియంలు, స్థానిక సంస్థలు చేతులు కలపడం ఇలా. డబ్బు సంగతి వేరే దారిలో నడిచింది, 1995లో కొలంబియా బేసిన్ ట్రస్టు అని పెట్టి ఆ లోయ వాళ్ళకే నిధి అప్పజెప్పారు. ఆరడ అన్న భయపడ్డట్టు ఒకటి ఇంకోదాన్ని మింగలేదు. కాకపోతే ఒప్పందం మీద సంతకం పెట్టి ముప్ఫై ఏళ్ళు దాటాక గానీ ఆ ట్రస్టు రాలేదు, అప్పటికే చాలామంది ముసలివాళ్ళు వెళ్ళిపోయారు.

చిత్రకొండ_లాంచీ

ఒడిశా మల్కాన్‌గిరి జిల్లా నుంచి రాస్తున్నా. మా నాన్న సీలేరు మీది బలిమెల డ్యాము పనికి విశాఖ జిల్లా నుంచి వచ్చి చిత్రకొండలోనే ఉండిపోయారు.

సీలేరు నీళ్ళు చెరి సగం అని 1962లో ఆంధ్ర, ఒడిశా ఒప్పందం చేసుకున్నాయి. ఆ సగానికి ఖరీదు కట్టింది డ్యాము వెనక మిగిలిపోయిన 151 ఊళ్ళు. చుట్టూ నీళ్ళు, బయటికి రావాలంటే లాంచీ. కటాఫ్ ఏరియా అని పేరే పడిపోయింది. నొప్పులొచ్చిన ఆడవాళ్ళను మంచం మీద మోసుకొచ్చి రేవులో కూర్చోబెట్టి లాంచీ కోసం చూడటం నా కళ్ళతో చాలాసార్లు చూశా. 2018 జులై 26న గురుప్రియ వంతెన తెరిచారు, 910 మీటర్లు. ఆ రోజు మా ఊళ్ళో ఏడవని వాళ్ళు లేరు.

నేను చెప్పొచ్చేది ఏంటంటే, వంతెన వచ్చాక లాంచీ రోజులు చాలా త్వరగా మర్చిపోతున్నారు. లాంచీ నడిపిన పెద్దాయన ఉన్నారు, ఏ మలుపు దగ్గర నీళ్ళ కింద ఏ ఊరు ఉందో ఆయనకు నోటికి వచ్చు, మబ్బు పట్టినా కొండ గుర్తు చూసి చెప్పేవారు. మీ పని చూసి నేను కూడా ఆయన దగ్గర కూర్చుంటా. మీరు ఏ పద్ధతిలో రాస్తున్నారో చెప్పండి, అదే పద్ధతిలో మేమూ రాస్తాం.

చెలిమె_నీళ్ళు

ఇక్కడ ఎక్కువ మంది అన్నలే మాట్లాడుతున్నారు, పొలం, పడవ, వంతెన. నేను సిరోంచ కోడల్ని, పుట్టిల్లు మహదేవ్‌పూర్ దగ్గర. ఏటి ఇసుక గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతా.

దీపావళి దాటి ఏరు సన్నబడ్డాక మా అత్తమ్మ వాళ్ళు ఇసుకలో పుచ్చ, దోస, ఆనిగం పెట్టేవారు. భూమి లేనివాళ్ళకు అదే భూమి. పట్టా లేదు, శిస్తు లేదు, ఎవరి వరస వాళ్ళకు పెద్దమనుషులు పంచిపెట్టేవారు. అత్తమ్మ చేత్తో ఇసుక తోడేది. మోచెయ్యి మునిగేదాకా తోడితే అడుగున తడి తగులుతుంది, ఇంకో జానెడు తోడితే చెలిమెలో నీళ్ళు ఊరతాయి. ఆ గుంతకు పక్కన ఇంకో గుంత, అందులో మాగిన పెంట ఒక తట్ట, మీద పిడికెడు ఒండ్రు, నాలుగు గింజలు. గాలికి ఇసుక కొట్టకుండా పడమటి దిక్కున తుంగ దడి. పొద్దున్నే సొరబుర్రతో చెలిమె నీళ్ళు తోడి ఒక్కో పాదుకు ఒక్కో బుర్ర. ఎక్కువ పోస్తే వేరు కుళ్ళుతుందని నన్ను కోప్పడేది. మాఘం దాటాక కాయలు దిగితే గంపల్లో పెట్టుకుని ఏటికి అవతలా ఇవతలా రెండు సంతల్లోనూ అమ్మేవాళ్ళం. నా పెద్ద కూతురి చెవి కమ్మలు ఆ పుచ్చకాయల డబ్బులే.

మేడిగడ్డ కట్టి నీళ్ళు నిలబడ్డాక ఇసుక కనపడలేదు. పట్టా లేదు కాబట్టి మేం పోగొట్టుకున్నామని చూపించడానికి ఒక్క కాగితం లేదు. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగి నీళ్ళు వదిలేశాక ఇసుక మళ్ళీ బయటపడింది. అత్తమ్మ కర్ర పట్టుకుని వెళ్ళి చేత్తో తోడి చూసింది. పైన అంతా బంక మన్ను, పగుళ్ళు, చెలిమె ఊరలేదు. ఏమీ అనకుండా చెయ్యి కడుక్కుని ఇంటికొచ్చింది.

ఇది ఏ సాత్‌బారాలో లేదు అన్నా. ఇది రాయండి.

ప్రాణహిత_రేవు

అక్కా, మొదటి పేజీ ఇదే ఉంటుంది. అత్తమ్మ ఒప్పుకుంటే ఆమె గొంతుతోనే. ఆమె పేరు పెట్టాలా వద్దా అనేది ఆమె ఇష్టం.

అంకీస_మాస్టారు

భాష సంగతి తేల్చుకోవాలి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ చదువుతారు. తెలుగు బోర్డు పెడితే మా మనవడు చదవలేడు. మరాఠీ ఒక్కటే పెడితే మా చెల్లెలు చదవలేదు, ఆమెకు చిన్నప్పుడు మా నాన్న ఇసుకలో వేలితో నేర్పిన తెలుగు అక్షరాలే వచ్చు. పొలాల పేర్లను మరాఠీలోకి అనువదించొద్దు, రేగుమాను చెలక అనే ఉండాలి, నాగరి లిపిలో రాసినా పేరు తెలుగే ఉండాలి. పేరు మారిస్తే ఇంత చేసీ లాభం లేదు.

సోమనూర్_సంగమం

మాస్టారూ, గోండి మాడియా మాట ఎక్కడ? మాది ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలిసే దగ్గర. మా ఇంట్లో మాడియా మాట్లాడతాం, సంతలో తెలుగు, ఆఫీసులో మరాఠీ. మీ పేర్లలో సగం మా పేర్ల మీద వచ్చినవే.

ఇంకోటి. కట్టిన డ్యాముల గురించే రాస్తున్నారు. ఇచ్చంపల్లి సంగతి? 1980లో గోదావరి ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది, రాష్ట్రాల మధ్య ఒప్పందాలన్నీ అందులో చేర్చారు, ఇచ్చంపల్లి కడతారని అప్పటినుంచీ మాట. మా దగ్గర జంగల్ బచావో మానవ్ బచావో అని ఉద్యమం నడిచింది, సంఘసేవకుడు బాబా ఆమ్టే గారు కూడా నిలబడ్డారు, మా తాత కాలినడకన వెళ్ళాడు. డ్యాము రాలేదు. కానీ ముప్ఫై ఏళ్ళు మా ఊళ్ళో ఎవరూ ఇటుక ఇల్లు కట్టలేదు. మునిగే ఊరికి పిల్లనివ్వం అన్నారు. మామిడి మొక్క పెట్టబోతే మా నాన్న అడ్డుపడ్డాడు, కాపుకొచ్చేసరికి నీళ్ళొస్తాయని. ఒప్పందం వల్ల జరిగిన నష్టంలో ఈ పెట్టని మామిడి తోట కూడా రాసుకోవాలి.

అంకీస_మాస్టారు

రాయాలి. మాడియా మాట మర్చిపోవడం నా పొరపాటు, మన్నించు బిడ్డా. మాడియా పేర్లు నువ్వు రాసివ్వు, మాకు పలకడం కూడా నేర్పు.

కాళేశ్వరం_కుర్రోడు

2027లో గోదావరి పుష్కరాలు. ఆలోపు రెండు ఘాట్ల దగ్గరా బోర్డులు పెడితే లక్షల మంది చూస్తారు కదా?

చెలిమె_నీళ్ళు

తమ్ముడూ, పుష్కరాలకు వచ్చేవాళ్ళు మునిగి, పిండం పెట్టి, బస్సు కోసం పరుగెత్తుతారు. 2022 ప్రాణహిత పుష్కరాల్లో మా ఇంటి ముందు నుంచే వెళ్ళారు, నిలబడ్డవాళ్ళు తక్కువ. ముందు మా ఊరి పిల్లలు వినాలి. బడిలో వినిపిద్దాం. బోర్డు తర్వాత.

చిత్రకొండ_లాంచీ

అక్క మాటే నా మాట. బోర్డు ఎండకు వెలుస్తుంది.

కూటెనే_లోయ_నుంచి

వెలిసినా బోర్డు కావాలనే నేనంటా. ఇక్కడ మొదటిసారి ఆ సరస్సు చూసినప్పుడు ఎంత అందంగా ఉంది అనుకుని ఫోటోలు దిగి వచ్చేశా, కింద తోటలున్నాయని చెప్పేవాళ్ళు లేక. బయటివాడు ఏటి ఒడ్డున నిలబడి నీళ్ళే చూస్తాడు.

పోచంపల్లి_రాళ్ళు

నాదొక్క మాట, చిన్నదే. మా ఊరి పక్కన దొరికిన రాక్షసబల్లి ఎముకలు కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ మ్యూజియంలో నిలబెట్టారు, బారపాసారస్ అని పేరు పెట్టారు. మా నాన్న చిన్నప్పుడు ఆ ఎముకలు బండ్ల మీద పోవడం తన నాన్న చూశాడని చెప్పేవాడు. మా పిల్లలెవరూ వాటిని చూడలేదు. ఇప్పుడు మీరు చేసే రికార్డులు, పటాలు, నోటు పుస్తకాలు ఎవరైనా పెద్ద ఊరి వాళ్ళు అడిగినా ఇవ్వొద్దు. కాపీ ఇవ్వండి. అసలువి ఇక్కడే ఉండాలి.

ప్రాణహిత_రేవు

ఇది చాలా అవసరమైన మాట, ఒప్పుకుంటున్నా. అసలువి ఎవరింట్లోవి వాళ్ళింట్లోనే ఉంటాయి, మనం ఫోటో తీసుకుంటాం, అంతే.

ఇక మొదలుపెడదాం. వచ్చే ఆదివారం పొద్దున 7 గంటలకు మా రేవు మెట్ల దగ్గర. కాళేశ్వరం తమ్ముడు నానమ్మను తీసుకొస్తానన్నాడు, ఆమె పడవ దిగిన చోటు చూపిస్తుందట. మాస్టారు పెద్ద డ్రాయింగు షీట్లు తెస్తున్నారు, ఏటిని మధ్యలో గీసి రెండు వైపులా పేర్లు రాసుకుంటూ పోదాం, తెలుగు, మాడియా, మరాఠీ, ఏ నోటికి ఏ పేరు వస్తే అది. రికార్డు చేసే ముందు ప్రతి ఒక్కరినీ అడగాలి, వద్దన్నవాళ్ళది వద్దు. చిత్రకొండ అన్నకు మనం రాసిన తీరు ఆ సాయంత్రమే పంపుతా.

ఆరడ_రైతు

కొలిచా. 1986 గీత నేల నుంచి 4 అడుగుల 2 అంగుళాలు. 2022ది 5 అడుగుల 7. టేపు మా చిన్నోడు పట్టుకున్నాడు. వాడు అడిగాడు, ఈ రెండు గీతల మధ్య నేనెక్కడ వస్తానని. నిలబెట్టి చూశా, 1986 గీతకు నాలుగు వేళ్ళు కింద ఉన్నాడు.

ఆదివారం వస్తున్నా. టేపు తెస్తా.